పిట్ట ముట్టని కూర

పెద్దదినం నాడు పొద్దున్నే రాధ ఇంటినిండా ఉన్న చుట్టాలకు టీ పెట్టింది. పెద్ద గిన్నెలో పాలు పొంగించి, అల్లం దంచి వేసి, గ్లాసుల్లో పోసి వరుసగా అందించుకుంటూ వచ్చింది. అరుగు మీద కూర్చున్న ఆడబిడ్డ సునీత చేతిలోనూ ఒక గ్లాసు పెట్టి ముందుకు వెళ్లిపోయింది. సునీత ఆ గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. చేతికి వేడి తగులుతోంది, అంతే. తర్వాత దాన్ని పక్కనున్న మేనమామ ముందుకు జరిపింది. ఆయన ఏ లోకంలో ఉన్నాడో ఏమో, తన గ్లాసుతో పాటు అదీ తాగేశాడు.

రాధను తప్పు పట్టడానికి లేదు. పది రోజులుగా ఇరవై మందికి వండి వారుస్తున్న మనిషికి ఎవరు పాలు ముడతారో ఎవరు ముట్టరో ఎలా గుర్తుంటుంది? ఆ ఇంట్లో అది గుర్తుపెట్టుకునే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పెద్దదినమే ఇవాళ.

సోమక్క పోయి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో కన్నకూతురి కంట ఒక్క చుక్క రాలలేదు. చావు ఇంట్లో ఎవరు ఎంత ఏడ్చారో గమనించడంలో మన ఊళ్లను మించినవి లేవు కదా, రాష్ట్ర సరిహద్దులో కోంట పక్కనున్న ఆ చిన్న ఊరు కూడా గమనించింది. సునీత ఏడవకూడదని పట్టుబట్టి కూర్చోలేదు. రావడం లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అలా ఉంది ఆమెకు.

దానికన్నా పెద్ద బెంగ ఇంకొకటి ఉంది ఇంట్లో. పిట్ట ముట్టలేదు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, పూడ్చిన చోట విస్తరి పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు నోట పెట్టరు. మూడోనాడు ముట్టలేదు. ఐదోనాడూ ముట్టలేదు. రెండుసార్లూ పొద్దు వాలేదాకా చూసి చూసి, చివరకు విస్తరిలోని అన్నం మాత్రం ఆవుకు పెట్టి ఇంటికొచ్చారు. ఇవాళ ఆఖరు. ఇవాళ కూడా ముట్టకపోతే సోమక్క మనసులో ఏదో పెట్టుకుని అలిగి పోయిందన్న మాట ఆ ఇంటిమీద కలకాలం ఉండిపోతుంది.

"మా వదినె దేనికి అలిగిందో ఎవరన్నా చెప్పరాదుండ్రి!" అంది సుమిత్ర టీ గ్లాసు కింద పెడుతూ. సోమక్క భర్త రామనర్సయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు ఆమె. భర్తకు గనుల్లో ఉద్యోగం కాబట్టి కిరండూల్లో కాపురం. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు, కానీ ఆ నోటిని దాటి మనసు దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? "మటన్ పెట్టినం, చేపలు పెట్టినం, జీలుగు కల్లు పెట్టినం. ఇంకేం గావాలె?"

పొయ్యి దగ్గర రాధ చెయ్యి ఆగింది. సుమిత్ర కళ్లు అలాంటివి వదలవు.

"ఏంది రాధా? నీకు ఎరుకా?"

రాధ సునీత వైపు చూసింది. చెప్పమన్నట్టు గానీ వద్దన్నట్టు గానీ సునీత ముఖంలో ఏమీ లేదు.

"ఏం లేదత్తమ్మా... మా అత్త ఆఖర్ల సునీత చేతి కోడికూర తినాలని ఉందన్నది," అంది రాధ మెల్లగా. "సునీత చెయ్యనన్నది. నేనే వండిన. రెండు ముద్దలు తిని చాలన్నది."

అరుగు మీదున్న వాళ్లంతా సునీత వైపు తిరిగారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు ఆ ఊళ్లో కోడికూర అంటే సునీతదే. పద్నాలుగేళ్లకే తల్లిని పక్కకు జరిపి మట్టిచట్టి పొయ్యి మీద పెట్టేది. చుట్టాలొస్తే సోమక్క గొప్పగా చెప్పుకునేది, మా పిల్ల వండితే ఎముకలు కూడా మిగలవని. డిగ్రీ అయ్యాక సునీత జగదల్‌పూర్ వైపు ఒక కోళ్లఫారంలో కంప్యూటర్ పనికి చేరింది. రెండో ఏడు కోళ్లకు రోగం వచ్చింది. జేసీబీతో గొయ్యి తీసి, సంచుల్లో కుక్కి, రోగం ఉన్నవీ లేనివీ, పిల్లలూ తల్లులూ అన్నీ పూడ్చారు. మీద సున్నం పోశాక కూడా లోపలి నుంచి చప్పుడు వస్తూనే ఉంది. సునీత పని ఆ గొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఎన్ని సంచులు పడ్డాయో లెక్క ఎక్కించడం. పూడ్చిన రెండు రోజులూ ఎక్కించింది. మూడోరోజు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చింది. చెల్లెలు వచ్చిందన్న సంబరంతో అన్న నాగార్జున ఆ పూటే పుంజును కోశాడు. దాని రెక్కల చప్పుడు వినగానే సునీత పదిమంది ముందు బావురుమంది.

అప్పటి నుంచి మాంసం లేదు, గుడ్డు లేదు. ఇంకో నాలుగు నెలలకు లేగకు దక్కని పాలు తనకెందుకని పాలూ పెరుగూ నెయ్యీ మానేసింది. దీన్ని వీగన్ అంటారని ఫోన్లో చదివి ఇంట్లో చెప్తే ఏదో కొత్త టీకా అనుకున్నారు. ఊళ్లో ప్రతి పెళ్లిలో, ప్రతి పండగలో అదే వరుస. "మాల ఏసుకున్నవా?" "లేదు." "మరి మొక్కా? ఎప్పుడు తీరుతది?" "తీరదు." "పెరుగన్నా ఏసుకో, పెరుగుకేమైంది?" విస్తరి ముందు తల వంచుకుని ఉత్త అన్నం కలుపుకునే ఆడపిల్లను చూస్తే వడ్డించేవాళ్లకు కోపం, పక్కవాళ్లకు నవ్వు. పొలం పనికొచ్చే దొర్లా ఆదివాసీల ఆడమనిషి పొజ్జే ఒక్కతే పాల విషయంలో ఆమెను వెనకేసుకొచ్చింది. "పాలు లేగయి గదా పిల్లా. మా పెద్దోల్లు పితకలే. మీ తెలుగోల్లే గుంజుకుంటరు," అనేది. "కోడి మాత్రం మనదే!" అని వెంటనే పకపకా నవ్వేది కూడా.

సోమక్క మొదట తిట్టింది, ఒకరోజు అన్నం కంచం విసిరికొట్టింది. తర్వాత ఆమే సర్దుకుంది. నచ్చి కాదు. "నీ పిచ్చి నీది. నీ కడుపు మాత్రం నాది," అంది. ఆ తర్వాత రెండేళ్లు కూతురు ఏం తింటోందో ఎలా తింటోందో మిగతా ఇంటికి పట్టాల్సిన అవసరం లేకుండా పోయింది. సునీతకు కోంట జనపద్ ఆఫీసులో, అంటే మండలాఫీసులో, కంప్యూటర్ ఆపరేటర్ పని దొరికింది. రోజూ పొద్దున పోయి సాయంత్రం వచ్చేది.

అంతలో సోమక్క కడుపులో పుండు ముదిరింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూపించి తెచ్చారు, ఇంటికి తీసుకెళ్లమన్నారని. నోరు చప్పబడిపోయింది ఆమెకు. ఒకనాడు కూతురి చెయ్యి పట్టుకుని, "ఒక్కపాలి నీ చేతి కోడికూర తినాలనుందే," అంది. "వదినె వండుతది లేమ్మా," అంది సునీత. "సరే తియ్యి," అంది సోమక్క. అంతకుమించి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పద్దెనిమిది రోజులకు పోయింది.

ఇప్పుడు సుమిత్ర లేచి నిలబడింది.

"అదీ సంగతి! మంచంల పడ్డ తల్లి నోరు తెరిచి అడిగితే కూరొండి పెట్టలేదు! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు... కోడి సస్తే ఏడ్చిన పిల్లవు, తల్లి సస్తే ఏడవవైతివే!"

ఆ మాట ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు అంటారని సునీతకు తెలుసు. పదకొండు రోజులుగా తనను తాను అంటూనే ఉంది. అయినా నిజంగా విన్నప్పుడు ఎక్కడో ఒకచోట గుచ్చుకోవాలి కదా? గుచ్చుకోలేదు. అత్త నోటివైపు చూస్తూ కూర్చుంది.

"అత్తా, ఊకో," అన్నాడు నాగార్జున.

"నేనెందుకు ఊకుంట? ఇయ్యాల్టితోటి ఆఖరు. దాని చేత్తో వండియ్యాలె. దానికి పాపమైతే అయితది. తల్లి కన్నా ఎక్కువనా? బోలో అన్నా, నువ్వు మాట్లాడవేంది?"

రామనర్సయ్య మూలన స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. మిరపచేను, ఎడ్లు, పంచాయతీ సెక్రటరీ‌తో తగాదాలు తప్ప ఇంట్లో నోరు తెరిచేవాడు కాదు. కూతురివైపు కాకుండా నేలవైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు వండు బిడ్డా."

"సరే నాయినా," అంది సునీత.

గొడవకు సిద్ధమైన సుమిత్ర ఆ 'సరే' విని ఏం చెయ్యాలో తెలియక కూర్చుండిపోయింది.

నాగార్జున పుంజును ఇంటి వెనక కోయలేదు. అక్కడి నుంచి వాగు దాకా తీసుకెళ్లి, కోసి, కాల్చి, ముక్కలు చేసి తెచ్చాడు. అంతదూరం ఎందుకు పోయాడో చెప్పలేదు గానీ సునీతకు తెలిసింది. గిన్నె చెల్లెలి ముందు పెట్టి, మీద మూత కూడా పెట్టి వెళ్లాడు.

పొజ్జే కట్టెలు ఎగదోసింది. సునీత మూత తీసింది. పసుపు చల్లింది, ఉప్పు వేసింది, కలిపింది. రెండేళ్లయినా చేతులు ఏదీ మరిచిపోలేదు. ఉల్లిగడ్డ ఎంత ఎర్రబడాలి, ధనియాలు ఎప్పుడు దింపాలి, ఎండుకొబ్బరి ఎప్పుడు వెయ్యాలి, అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. ఆ రోజు గొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆ సంగతి తెలిసి మాత్రం ఆమెకు కొంచెం భయమేసింది.

"ఉప్పు సూసినవా?" అంది పొజ్జే అలవాటుగా. వెంటనే నాలుక్కరుచుకుంది. చనిపోయినవాళ్లకు పెట్టే కూరను ముందు ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. సునీత ఉప్పు డబ్బా వైపు చూసింది. వేశానా లేదా? గుర్తు రాలేదు. ఇంకో గుప్పెడు వేసి దింపేసింది.

సోమక్కను వాళ్ల మిరపచేను గట్టు మీదే పూడ్చారు. అడ్డాకుల విస్తరి పరిచి అన్నం, కోడికూర, మటన్, గారెలు, కల్లు పెట్టి అందరూ యాభై అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు. పండు మిరపకాయల ఘాటు గాలిలో ఉంది. ఎండ నెత్తికెక్కింది. కాకులు కనిపిస్తూనే ఉన్నాయి. చేను అవతల ఇప్పచెట్టు మీద రెండు అరుస్తున్నాయి. ఇటు రావడం లేదు.

ఇలా అయినప్పుడు దగ్గరివాళ్లు ఒక్కొక్కరు ముందుకెళ్లి పోయినవాళ్లకు మాటివ్వాలి. వాళ్ల మనసులో ఏ దిగులు ఉందనుకుంటే దానికి మాట. ముందు నాగార్జున వెళ్లాడు. "అమ్మా, నాయినను మంచిగ సూసుకుంట, చెల్లె పెండ్లి చేస్త," అన్నాడు. రాలేదు. రాధ వెళ్లి, "ఇల్లు నువ్వున్నట్టే నడుపుత అత్తా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాలేదు. సుమిత్ర వెళ్లి, ఎప్పుడో పదేళ్ల కింద వదినెతో పడిన తగాదాకు క్షమించమని అడిగి భోరుమంది. అదీ పనిచెయ్యలేదు. ఒక గంట గడిచింది. ముసలివాళ్లు చెట్టునీడకు జరిగారు.

"సునీతా, నువ్వు పో," అంది సుమిత్ర ముక్కు తుడుచుకుంటూ. ఈసారి గొంతులో కోపం లేదు, బతిమాలుతోంది. "తింటనని చెప్పే. మల్లా నీసు తింట, అందరిలెక్క ఉంట అని ఒక్క మాట చెప్పు. నీ తిండి బెంగ తోటే పోయింది మా వదినె. చెప్పినంక నువ్వు తింటవో తినవో ఎవరు సూడొచ్చిన్రు?"

సునీత వెళ్లింది. విస్తరి దగ్గర నిలబడింది. వెనక ఇరవై మంది ఊపిరి బిగబట్టారు. ఒక్క అబద్ధం. అందరూ ఇంటికెళ్లి అన్నం తినొచ్చు. బతికున్నవాళ్లతో ఎన్ని అబద్ధాలు ఆడలేదు, డాక్టరు వద్దన్నాడని, వంట్లో బాగోలేదని, తర్వాత తింటానని.

"అమ్మా, నేను తినను," అంది. "తింటనని నీకు అబద్ధం చెప్పలేను. కానీ నువ్వు అడిగిననాడు వండి పెట్టాల్సింది. నేను తినకపోతే మానె, నీకు వండి పెడితే నాకేం పోయేది? ఒక్కసారి చేస్తే మల్లా మల్లా చెయ్యమంటరని మొండికి పోయిన. ఇయ్యాల వండితే నాకేం కాలేదమ్మా. ఆనాడు కూడా ఏం కాకపోవు. తప్పయింది."

అంతే చెప్పి తిరిగొచ్చింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

కాకి ఒకటి వచ్చింది. గట్టు మీద వాలింది. అందరి మెడలూ సాగాయి. అది విస్తరి చుట్టూ గెంతింది, తల వంచి కోడికూర వైపు ఒక కన్ను పెట్టి చూసింది. చూసి, ఎగిరిపోయింది.

"అయ్యో!" అంది సుమిత్ర. "తినను అనె గదా, అందుకే! ఆ ఒక్క మాట..."

"చాలు సుమిత్రా."

ఆ మాటన్నది రామనర్సయ్య. ఆయన గొంతు పెంచలేదు. అయినా అందరూ అటు తిరిగారు.

"సోమక్క నాతోటి ముప్పైమూడేండ్లు కాపురం చేసింది. పిల్లలను ఏడిపించి ఏదీ తీసుకోలే ఆ మనిషి. ఇప్పుడు కాకి నోటితోటి అడిగిస్తదా? ముడితే ముడ్తది, లేకుంటే లేదు. నడువుండ్రి."

"అన్నా, పిట్ట ముట్టకముందు..."

"నాకు ఆకలైతంది," అని ఆయన గట్టు దిగి ఇంటి దారి పట్టాడు. వెనక ఎవరో ఏదో గొణిగారు. ఒక పెద్దాయన ఇది మంచిది కాదన్నాడు. నడుస్తున్న మనిషి వెనక్కి తిరగలేదు. ఆయన వెంట నడిచింది సునీత ఒక్కతే.

కాళ్లు కడుక్కుని రామనర్సయ్య వంటింట్లో నేలమీద చతికిలబడ్డాడు. ముప్పైమూడేళ్లలో ఆయన వంటింట్లో కూర్చోవడం అదే మొదలు. ఎప్పుడూ కంచం అరుగు మీదికే వచ్చేది.

"నువ్వొండిన కూర పెట్టు బిడ్డా."

సునీత పెట్టింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. నమిలాడు. రెండో ముద్ద కలిపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమైందా నాయినా?"

"ఉప్పు. ఇసమయింది." చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. "ఏ కాకి ముడ్తది దీన్ని?"

నవ్వాలో వద్దో తెలియక సునీత అలాగే నిలబడింది. ఆయన మాత్రం తింటూనే ఉన్నాడు. నాలుగు ముద్దలు అయ్యాక తలెత్తి చూశాడు.

"నీ కంచమేది?"

"తర్వాత తింట."

"తర్వాత ఏం తింటవ్?"

సునీత వంటిల్లంతా ఒకసారి చూసింది. మటన్, కోడికూర, ఎండురొయ్యలు వేసిన వంకాయ, నెయ్యి పోసిన పప్పు, పెరుగు. "అన్నం ఉంది గదా," అంది.

"అన్నంల ఏం కలుపుకుంటవ్?"

"కారం."

"నిన్న?"

"కారమే."

"మొన్న?"

ఆమె ఖాళీ చెంబులో నీళ్లు నింపింది. రామనర్సయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పదకొండొద్దుల నుంచి ఉత్త కారం మెతుకులు తింటున్నవా బిడ్డా? ఇంతమందిమి ఉన్నం ఇంట్ల. ఒక్కడు సూడలేదా? నేను సూడలేదా?"

"ఏం కాదు నాయినా. అలవాటే."

"అలవాటెట్లయితది? మీ అమ్మ ఉన్ననాడు నువ్వు కారం తినలే." ఆయన కంచం పక్కకు జరిపాడు. "నీకు ఏం పెడుతుండెనో మీ అమ్మకెరుక. నాకు తెల్వదు. రెండేండ్లు ఒక్క ఇంట్ల తిన్నం గానీ, నా బిడ్డ ఏం తింటదో నాకు తెల్వదు. ఎన్నడు అడగలే. చెప్పు బిడ్డా. ఏమేం పెట్టేది?"

వాకిట్లో చుట్టాల అడుగుల చప్పుడు వినిపిస్తోంది. రాధ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"చెప్పనా?" అంది సునీత.

"ఆ, చెప్పు."

"దోసకాయ పచ్చడి... నువ్వులు ఏసి. బచ్చలికూర. సోమారం నాడు సంతల బోడకాకర దొరికితే నూనెల ఏంచేది." వేళ్లు ముడుస్తూ పాఠం అప్పజెప్పినట్టు చెప్తోంది. "పప్పేమో, అందరిదీ ఒక్కటే గిన్నె. మీకు నెయ్యి తాలింపు పెట్టేటందుకు ముందు, నాకని ఒక గంటెడు..."

"ఆ, గంటెడు?"

"నాకని ఒక గంటెడు తీసి, ఆ కిటికీల పెట్టి, మూత..."

మాట తెగిపోయింది. సునీత కిటికీ వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. పదకొండు రోజులుగా ఏమీ లేదు. ఇక రేపూ ఉండదు, ఎల్లుండీ ఉండదు. అమ్మ పోయిందని పదకొండు రోజులుగా ఊరంతా చెప్తున్నా ఎక్కని మాట, ఆ ఖాళీ కిటికీని చూస్తే ఎక్కింది. తండ్రి పక్కన కూలబడింది. "అమ్మా!" అని ఆమె అరిచిన అరుపుకు వాకిట్లో సుమిత్ర పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో రాధను పట్టుకుని తనూ ఏడుపు అందుకుంది.

రామనర్సయ్య కూతురిని ఊరుకోమనలేదు. ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, ఎడమచేత్తో ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. చాలాసేపటికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగాక గుమ్మంవైపు చూసి, "రాధా, నువ్వు కూడ ఇట్ల కూసో బిడ్డా, విను," అన్నాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు.

"ఊఁ, పప్పు. అది అయింది. ఇంకేం పెట్టేది?"